తిన్నగా దిద్దిన గీత

మా చెల్లి పోయింది.

పొద్దున్న దీపం వెలిగించి కూర్చున్నాను. ఫోను మోగింది. కళింగపట్నం నుంచి మా మరిది, చెల్లెలి భర్త. "వదినా" అన్నాడు. ఆ తర్వాత గాలి చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ఒడ్డున నిలబడి మాట్లాడుతున్నాడని తెలిసింది.

"మీ సెల్లి నేదు వదినా. తెల్లారగట్ల ఎళ్ళిపోనాది."

దేవుడికి దండం పెట్టకుండానే లేచాను. రాజాం బస్టాండుకి నడిచి, దొరికిన బస్సు ఎక్కాను.

పోయినవాళ్ళ గురించి మెత్తగా రాయాలంటారు. అలా రాద్దామనే కూర్చున్నాను. రాలేదు. చెల్లి మెత్తని మనిషి కాదు. తను పోయిన తీరూ మెత్తనిది కాదు. అందుకని ఉన్నదున్నట్టు రాస్తాను.

చెల్లి ఇంటి ముందు పందిరి కింద ఆడవాళ్ళు గుంపుగా కూర్చుని ఉన్నారు. ఏడుపు కాస్త సద్దుమణిగాక మాటలు మొదలయ్యాయి.

"ఈ పక్క నీళ్ళే అలాటివమ్మా. ఉద్దానంలో సూడ్నేదేటి, ఇంటికొకరు."

"కడుపులో గడ్డనే గెలిసొచ్చినాది. కిడ్నీకి లొంగిపోనాది, సిత్రం సూడు."

"రాసిపెట్టుంటే ఎవులాపుతారే."

మా జిల్లాలో కిడ్నీ పోయిందంటే అందరికీ ఒకటే జవాబు. నీళ్ళు. నీళ్ళ వల్ల పోయినవాళ్ళు ఉన్నారు, కాదనను. మా చెల్లి నీళ్ళ వల్ల పోలేదు. రాసిపెట్టి ఉండీ పోలేదు. ఆ మాట అక్కడే అనేద్దామనుకున్నాను. మరిది తన భార్య కాళ్ళ దగ్గర తల వంచుకుని కూర్చున్నాడు. అతనూ ఆ మాటలు విన్నాడు. తల ఎత్తలేదు. నేను నోరు మూసుకున్నాను. "నానున్నన్నాళ్ళూ ఈ మాట బయటికి రాకూడదు" అని చెల్లి మా ఇద్దరి చేతా ఒట్టు వేయించుకుంది. ఇప్పుడు తను లేదు. ఒట్టు తీరిపోయింది.

మాది సముద్రం మీద బతికే కుటుంబం. నేను పెద్దదాన్ని. పెళ్ళై రాజాం వచ్చి, ఎండు చేపల దుకాణం పెట్టుకున్నాను. చెల్లి పుట్టినూళ్ళోనే ఉండిపోయింది. మరిది అక్కడి అబ్బాయే. సముద్రంలో చేపల వేటకి వెళ్తాడు. వేట లేని రోజుల్లో పడవలకి రంగులు వేస్తాడు. ఆ చుట్టుపక్కల ఏ పడవ మీద పేరు రాయాలన్నా, పక్కన చార గీయాలన్నా అతన్నే పిలుస్తారు. పడవ ముక్కు దగ్గర మొదలుపెట్టి చివరిదాకా చెయ్యి ఎత్తకుండా చార లాగుతాడు. రెండో పక్కకి వెళ్ళి అంతే ఎత్తున మళ్ళీ లాగుతాడు. ఎదురుగా నిలబడి చూస్తే రెండు చారలూ ఒక్క మట్టాన ఉంటాయి. ఒక పక్క వేలెడు దిగినా పడవ ఒరిగినట్టు కనపడుతుందని, మొత్తం తుడిచేసి మళ్ళీ వేసేవాడు.

చెల్లి గంప ఎత్తుకుని ఊళ్ళు తిరిగి చేపలమ్మింది. మిగిలినవి ఉప్పు పట్టించి ఎండబెట్టి నాకు బస్సులో పంపేది. గంప ఎక్కించగానే ఫోను వచ్చేది.

"అప్పా, ఎక్కించినాను. కండక్టరు కొత్తోడు. ముక్కు మూసుకుని నా ఏపు సూస్తన్నాడు. నువ్వు దించుకున్నప్పుడు నాలుగు నెత్తళ్ళ సేపలు ఆడి సేతిలో పెట్టీ. వొండుకు తింటే ముక్కు తెరుసుకుంతాది."

అప్ప అంటే మా వైపు అక్క. తన నోట ఆ పిలుపు గట్టిగా, గదమాయించినట్టు ఉండేది. ఆ కండక్టరు తర్వాత తర్వాత గంప తనే దించి దుకాణం దాకా తెచ్చిపెట్టేవాడు.

చిన్నప్పటి నుంచి తనకి ఒక అలవాటు. ఏం చెప్పినా "ఎందుకు?" అనేది. పడవకి పసుపు ఎందుకు? అమావాస్యకి వల ఎందుకు ముట్టుకోకూడదు? నాన్న ముందు తినాలి, అమ్మ తర్వాత తినాలి, ఎందుకు? అమ్మ గరిటె తిరగేసి కొట్టేది. దెబ్బ తిని, కాసేపు ఏడ్చి, "సరే, ఇప్పుడు సెప్పు" అనేది. నాకు అడగడం రాదు. పెద్దవాళ్ళు చెప్పింది చేసుకుపోయాను. తనకి కారణం కావాలి. "ఎందుకో తెలిస్తే గంప బరువుండదప్పా" అనేది. కారణం తెలిస్తే ఎంత కష్టమైన పనైనా చేసేది. తెలియకపోతే సగం చేసి వదిలేసేది. ఇది గుర్తుంచుకోండి. మిగతా కథంతా ఇందులోనే ఉంది.

కడుపులో గడ్డ అన్నారు. విశాఖపట్నంలో ఒక పెద్ద ఆసుపత్రిలో కోసి తీసేశారు. ఆ తర్వాత కరెంటు పెట్టాలన్నారు. రేడియేషన్ని మా వైపు అందరం కరెంటనే అంటాం. మొదటి వారం నేను తోడు వెళ్ళాను. ముందు స్కానింగు తీశారు. తర్వాత బల్ల మీద పడుకోబెట్టి ఊదా రంగు సిరాతో కడుపు మీద, పక్కల మీద గీతలు గీశారు. ఆ గీతలు చూసే మిషను తిప్పుతారట. చెల్లి బట్టలు సర్దుకుంటూ వంగి చూసుకుంది. కుడిపక్క గీత ఒకలా ఉంది, ఎడమపక్క గీత లోపలికి జరిగి ఏటవాలుగా ఉంది.

"అమ్మా, ఇది వొంకరగా వచ్చినాది. ఎందుకూ?" అని అడిగింది.

మిషను గదిలో పనిచేసే ఆవిడ చేతిలో కాగితాల నుంచి తల ఎత్తలేదు. "నీకెందుకు? సబ్బు పెట్టకు, నూనె రాయకు, చెరపకు. అంతే."

"అది కాదమ్మా, ఎందుకూ అని..."

"బయట ఇరవై మంది ఉన్నారు. నీకు క్లాసు చెప్పాలా? లే."

నేను పక్కనే ఉన్నాను. ఆవిడ చెప్పాల్సింది ఒక్క మాటేనని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఇటు పక్క కిడ్నీ ఉంది, దానికి కరెంటు తగలకుండా తప్పించి గీశాం. అంతే కదా. చెల్లి ఆ మాట విని ఉంటే ఆ గీతని కళ్ళల్లో పెట్టుకునేది. చేపకి ఎంత ఉప్పు పట్టించాలో చెప్పడానికి నేను కొత్త కోడళ్ళకి అంతకంటే ఎక్కువసేపు చెప్తాను. ఇరవై మంది ఉంటే ఇరవై మందికీ చెప్పాలి. అందుకే కదా అక్కడ కూర్చోబెట్టింది.

ఆ వారంలోనే ఇంకొకటి జరిగింది. బొబ్బిలి వైపు నుంచి వచ్చిన ముసలాయన ఒకాయన. ఎండకి చెమట పట్టి గీతలు అలుక్కుపోయాయి. లోపలి నుంచి ఆవిడ అరుపు నడవంతా వినపడింది. "బుర్ర లేదా నీకు? గడ్డి తింటున్నావా? మళ్ళీ మొదటి నుంచి అన్నీ తియ్యాలి. పో, పిలిచినప్పుడు రా." ఆయన చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుంటూ బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. ఏడవలేదు. పెద్దాయన, ఏడవడానికి సిగ్గుపడ్డాడు. నడవలో కూర్చున్న ప్రతి ఒక్కరూ చేత్తో కడుపు అదుముకున్నారు. అందరూ నేర్చుకున్న పాఠం ఒకటే. గీత చెరిగిందని వాళ్ళకి తెలియకూడదు.

తర్వాతి వారానికి నేను దుకాణానికి వెళ్ళిపోయాను. మరిది తోడున్నాడు. శని, ఆదివారాలు మిషను ఉండదు కాబట్టి ఇద్దరూ ఊరికి వచ్చేవారు. ఇక్కడి నుంచి నేను చెప్పేది చూసింది కాదు. చాలా తర్వాత చెల్లి చెప్పగా విన్నది.

వేట నిషేధం అయిపోయి పడవలు నీళ్ళలోకి దించే రోజులవి. దించే ముందు గంగమ్మకి ముర్రాటలు పోస్తాం. పసుపు, వేపాకు కలిపిన నీళ్ళ బిందె నెత్తిన పెట్టుకుని ఒడ్డు దాకా నడిచి, అమ్మ ముందు పోస్తారు. మొదటి బిందె ఏటా మా చెల్లిదే. ఆ ఏడు వద్దన్నారు. తను వినలేదు. "కోసి కుట్టినా బతికున్నాను. మొక్కు తీర్సుకోనక్కర్నేదేటి?" అంది. నడుస్తుంటే బిందె తొణికింది. పసుపు నీళ్ళు మెడ మీంచి, కడుపు మీంచి కారాయి. ఇంటికొచ్చి చీర మార్చుకుంటుంటే ఎడమపక్క గీతలో సగం లేదు.

అమ్మవారి మీద నాకు కోపం లేదు. పసుపు నీళ్ళు చెరిపింది గీతని. కిడ్నీని కాదు.

చెల్లి భయపడిపోయింది. జన్మలో భయపడని మనిషి.

"ఓలమ్మ, ఇది సూడు. ఆవిడ సంపేస్తాది. మళ్ళీ మొదట్నించీ అంటాది."

మరిది దగ్గరికొచ్చి చూశాడు. "దీనికేటి అంత గాబరా? గీతే కదా. నాను దిద్దీలేనేటి?"

"నువ్వా?"

"నానే. పడవకి పదారు మూరల సార లాగినోణ్ణి. నీ కడుపుకి జానెడు గీత లాగనేనా? లెగు, ఎలుతురులోకి రా."

"గిలిగింతలెడితే తంతాను."

"తన్ను. గీత ఒంకరైతే నీదే తప్పు."

నవ్వుకున్నారట. పడవల మీద పేర్లు రాసే సన్న కుంచె, ఊదా రంగు సిరా. అప్పటికప్పుడే ఆమెని గుమ్మంలో నిలబెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని దిద్దాడు. మిగిలిన సగం గీత లోపలికి వంగి ఉంది. కుడిపక్క చూశాడు. ఎడమపక్క చూశాడు. తొందరలో గీసిన గీత, ఆసుపత్రోళ్ళకి తిన్నగా గీయడం రాలేదు అనుకున్నాడు. ఆ వంకర సగాన్ని తుడిచేసి, కుడిపక్కకి సరిసమానంగా, ఒక్క మట్టాన లాగాడు. ప్రాణం పెట్టి లాగాడు. అంత జాగ్రత్తగా పని చేసిన మనిషిని తిట్టడానికి నాకు ఇప్పటికీ మాట దొరకదు. తిట్టాలని మాత్రం ఉంటుంది. దీపం ముందు కూర్చుని రాస్తున్నాను కాబట్టి అబద్ధం రాయను. అతని మీద నాకు కోపం ఉంది.

కానీ పెద్ద కోపం అతని మీద కాదు. సోమవారం చెల్లి బల్ల మీద పడుకుంది. మిషను గది ఆవిడ గీతలు చూసింది. చూసి, మొదటిసారి నవ్వింది.

"భేష్. ఎంత బాగా కాపాడుకున్నావు. అందరూ నీలాగా ఉంటే నాకు ఈ గొంతు నొప్పి ఉండదు."

రెండు రోజులు ఇంటికి వెళ్ళొచ్చిన మనిషి ఒంటి మీద గీత, గీసినప్పటి కంటే కొత్తగా మెరుస్తోంది. అంతకు ముందు వంకరగా ఉన్నది ఇప్పుడు తిన్నగా ఉంది. మొదట గీసిన కొలతలున్న కాగితం పక్కన పెట్టి ఒకసారి కొలిచి చూడటం ఆవిడ పని. ఆవిడ కొలవలేదు. మెచ్చుకుంది. మిషను తిప్పింది. ఆ రోజూ, ఆ మర్నాడూ, ఆ తర్వాత వారాలన్నీ.

చివర్లో ఆసుపత్రిలో పడుకుని చెల్లి ఒక మాటంది. "అరిసినందుకు నాకు కోపం నేదప్పా. అరవడం అలవాటు మనకీ ఉన్నాది. మెచ్చుకున్నాది సూడు, అది మరిసిపోనేను."

కరెంటు అయిపోయింది. గడ్డ మళ్ళీ రాలేదు. చెల్లి మళ్ళీ గంప ఎత్తింది. ఒళ్ళు మళ్ళీ పట్టింది. బేరంలో ఎవరైనా చేప మొప్పలు ఎత్తి వాసన చూస్తే, "కడుపు కోయించుకుని బతికొచ్చినదాన్ని, కుళ్ళిన సేప అమ్ముతానేటే? నన్ను వాసన సూడు" అనేది. జబ్బుని దాచలేదు. దాచాల్సింది వేరే ఒకటుందని అప్పటికి తనకి తెలియదు.

అలా కొన్నేళ్ళు గడిచాయి. ఒకరోజు తలనొప్పి అంది. తర్వాత తరచూ అనేది. పొద్దున్న లేస్తే మొహం ఉబ్బి ఉండేది. మట్టెలు బిగిసిపోయాయి. బీపీ చూస్తే, చూసినవాడు మళ్ళీ ఒకసారి చూశాడు. శ్రీకాకుళంలో ఒక కిడ్నీ డాక్టరమ్మ దగ్గరికి ముగ్గురం వెళ్ళాం.

ఆవిడ మంచి మనిషి. స్కానింగు చూసి, చెల్లి పాత కాగితాలన్నీ నిదానంగా తిరగేసింది.

"ఎడమ కిడ్నీ బాగా కుంచించుకుపోయిందమ్మా. అది పాడై బీపీని ఎగదోస్తోంది. ఆ బీపీ రెండోదాన్ని కొడుతోంది. కరెంటు తగిలిన కిడ్నీ ఇలా అవుతుంది. కానీ మీకు అంత తగలకూడదే. ఎడమ కిడ్నీని తప్పించినట్టే ఉంది ఇక్కడ."

"తప్పించడమంటే ఏటమ్మా?" మరిది అడిగాడు.

ఆవిడ తన చీర మీదే చెయ్యి పెట్టి చూపించింది. "కడుపు ఇక్కడ. కిడ్నీ దాని వెనకే. రెండూ ఆనుకునే ఉంటాయి. అందుకని కరెంటు కడుపుకే పడాలి, కిడ్నీకి వీలైనంత తక్కువ పడాలి అని ఆ పక్క గీతని లోపలికి జరుపుతారు. ఏటవాలుగా గీస్తారు."

మరిది కుర్చీలో ముందుకి వంగాడు.

"ఒంకరగా గీసినది... కావాలనేనా?"

"కావాలనే. మనిషి లోపల రెండు పక్కలా ఒకేలా ఉండడు కదయ్యా."

అతను కుర్చీలోంచి లేచాడు. ఎక్కడికి వెళ్ళాలో తెలియలేదు. గోడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. "నాను సరిసేసినానమ్మా," అన్నాడు గోడతో. "తిన్నగా సేసినాను. రెండేపులా సమానంగా."

నాకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. చెల్లికి వెంటనే అర్థమైంది. అతని వైపు చూడలేదు. డాక్టరమ్మనే చూస్తూ, "ఎందుకూ అని అడిగినాను. నానడిగినాను కదప్పా, నువ్వున్నావు కదా?" అంది.

ఉన్నాను. విన్నాను. సాక్షిని.

డాక్టరమ్మ చాలా నెమ్మదిగా చెప్పింది. అదే కారణమని కచ్చితంగా చెప్పలేనంది. గీత సరిగ్గా ఉన్నవాళ్ళలోనూ కొందరికి ఇలా అవుతుందంది. మునిగేవాడికి అందించిన గడ్డిపోచ అది. మరిది పట్టుకోలేదు.

బయటికి వచ్చాక చెల్లి ఆటో మాట్లాడింది. మా ఇద్దరినీ ఎక్కించి, తను మధ్యలో కూర్చుంది. అప్పుడు వేయించుకుంది ఒట్టు. "ఊళ్ళో ఎవులికేనా తెలిసినాదా, మొగుడు సంపేసినాడంటారు. రేపట్నించీ ఏ పడవోడూ పిలవడు. నానున్నన్నాళ్ళూ నోరు మూసుకోండి. ఇద్దరూ." తర్వాత అతని తొడ మీద చరిచింది. "నువ్వేటి అలగ సూస్తావు? నా కడుపు మీద గీత గీసినోడివి నువ్వొక్కడివే అనుకుంటన్నావా? నలుగురు డాక్టర్లు కోసినారు."

ఆటో అతను నవ్వాడు. మేము నవ్వలేదు.

ఆ రోజు నుంచి తను రెండో కిడ్నీని కాపాడుకున్న తీరు చూడాలి. ఈసారి కారణం తెలుసు కదా. డాక్టరమ్మ ప్రతిదీ ఎందుకో చెప్పింది. ఉప్పు ఎందుకు తగ్గించాలో, బీపీ మాత్ర ఏ రోజూ ఎందుకు మానకూడదో, ఒళ్ళు నొప్పులకి సూది ఎందుకు వేయించుకోకూడదో. చెల్లి ఒక్కటి తప్పలేదు. రోజంతా మోచేతుల దాకా ఉప్పులో ఉండే మనిషి, చప్పిడి కూడు తింది. "ఉప్పు తగ్గితే సేప కుళ్తాది, ఎక్కువైతే నాను కుళ్తాను" అని నవ్వేది. ఎండు చేప వాసన వస్తుంటే ముక్కు ఎగబీల్చి, "ఇదే నా కూర" అని వట్టి అన్నం తినేసేది.

ఒకసారి మోకాళ్ళు పట్టేశాయి. ఊళ్ళో మందులిచ్చే అతను సూది సిద్ధం చేశాడు.

"ఏటిది?"

"నొప్పుల సూది పిన్నీ. ఇప్పుడేసి, ఇప్పుడే లేపి పరిగెట్టించీగలను."

"ఎక్కడికి పరిగెట్టాలి, శ్మశానానికేటి? ఒరే, నాకున్నాది ఒక్కటే కిడ్నీ. ఆ సూది మీ అత్తకెయ్యి."

"మా అత్తకి రెండూ బాగానే ఉన్నాయి పిన్నీ."

"అందుకే ఎయ్యమన్నాను."

అతను కూడా పడీపడీ నవ్వాడు. తర్వాత ఎవరికి నొప్పుల సూది వేయాలన్నా, ముందు కిడ్నీ సంగతి అడగడం మొదలుపెట్టాడు. ఎందుకో చెప్తే మనుషులు వింటారు. మా ఊరివాళ్ళు మూర్ఖులు కారు. ఇది నేను కోపంతోనే రాస్తున్నాను. పెద్ద ఆసుపత్రుల్లో మమ్మల్ని చూసి మొహం చిట్లించే ప్రతివాళ్ళూ చదవాలని రాస్తున్నాను.

ఇంత చేసినా ఆ కిడ్నీ నిలవలేదు. ఆలస్యంగా మొదలుపెట్టిన కాపలా అది. కరెంటు అయిపోగానే బీపీ చూపించుకుంటూ ఉండు, రక్తం, మూత్రం పరీక్ష చేయించుకుంటూ ఉండు అని ఆ పెద్ద ఆసుపత్రిలో ఎవరూ చెప్పలేదు. "గడ్డ లేదు, వెళ్ళిపో" అన్నారు. తను సంతోషంగా వెళ్ళిపోయింది. చివరికి డయాలసిస్ మీద పడింది. మరిది ప్రతిసారీ మోటారు సైకిలు మీద కూర్చోబెట్టి, తన నడుముకి ఆమెని తువ్వాలుతో కట్టుకుని, శ్రీకాకుళం తీసుకెళ్ళేవాడు. రంగుల పని మానేశాడు. ఎవరు పిలిచినా చెయ్యి వణుకుతోందనేవాడు. అతని చెయ్యి వణకదు. నాకు తెలుసు.

నేను ప్రతి రోజూ దేవుణ్ణి అడిగాను. ఏమడిగానో రాయను. ఇవ్వలేదు.

పెద్దదినం అయ్యాక మరిది పెరట్లో కూర్చుని ఉన్నాడు. అన్నం పెట్టాను. తినలేదు. "మీరేనా తిట్టండి వదినా," అన్నాడు. "దానికి సెప్పి సెప్పి అడిగినాను, తిట్టనేదు. మీరు తిట్టండి."

"తిడతాను. ముందు రేపు నాతో రా," అన్నాను.

విశాఖపట్నం బస్సు ఎక్కేదాకా ఎక్కడికని అతను అడగలేదు. ఎక్కాక అడగక్కర్లేదు.

నేను ఆవిడ కోసం వెళ్ళాను. దాచను. ఆ గొంతు నొప్పి ఆవిడ ఎదురుగా నిలబడి, మా చెల్లి అడిగిన ప్రశ్న మళ్ళీ అడగాలని వెళ్ళాను. ఆ మిషను గది అక్కడే ఉంది. ఆవిడ లేదు. ఏదో ఊరికి బదిలీ అయి వెళ్ళిపోయిందట. కొత్త అమ్మాయి తలుపు సందులోంచి పేర్లు పిలుస్తోంది. నేను మోసుకొచ్చిన మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి. బెంచీ మీద కూర్చున్నాను.

మరిది కూర్చోలేదు. పక్కన ఒకతను ఉన్నాడు. మరిది అతన్ని అడిగాడు.

"ఏ ఊరు బావూ?"

"గరివిడి. ఫేక్టరీలో పని."

"గీతలు గీసినారా?"

"గీసినారు."

"సెరిగితే ఏటి సేస్తన్నావు?"

అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మా ఇంటిది దిద్దతాది. నిన్న కూడా దిద్దినాది. సక్కగా దిద్దతాదిలే, ముగ్గులు బాగేస్తాది."

మరిది అతని చెయ్యి పట్టుకున్నాడు. గట్టిగానే పట్టుకున్నాడు, అతను ఉలిక్కిపడ్డాడు.

"లెగు. ఎళ్ళి సెప్పు. ఇంట్లో దిద్దినామని సెప్పు."

"ఓరి బాబో, తిట్టీగలరు!"

"తిట్టనీ. తిడితే ఏటి పోతాది? నా పెళ్ళానికి నాను దిద్దినాను. తిన్నగా దిద్దినాను. ఒంకరగా ఎందుకు గీస్తారో తెలుసా? నోపల కిడ్నీ ఉంతాది. దానికి తగలకుండా గీస్తారు. నాను దాన్ని సమానం సేసీసినాను. పదిరోజులైనాది, పెద్దదినం సేసొచ్చినాను. లెగు!"

గొంతు పెరిగింది. నడవలో అందరూ ఇటు తిరిగారు. "ఏయ్, ఎవరయ్యా అది, ఆసుపత్రి అనుకున్నావా, చేపల బజారనుకున్నావా?" అంటూ కాపలా అతను వచ్చాడు. నేను లేచి అడ్డం నిలబడ్డాను. నేను గొంతు ఎత్తను. ఎత్తలేదు. "ఆగు బాబూ. అతన్ని చెప్పనీ," అన్నాను. అతను ఆగాడు.

తలుపు తెరుచుకుంది. కొత్త అమ్మాయి చిరాకుగా చూసింది. గరివిడి అతన్ని ముందుకు తోశాను.

"అమ్మా, ఇతని గీత ఇంట్లో దిద్దారు. కాగితం తెచ్చి కొలిచి చూడండి. కొలిచాక, అది అలా ఎందుకు ఉందో అతనికి చెప్పండి. తిట్టకుండా చెప్పండి. మేం ఇక్కడే ఉంటాం."

ఆ అమ్మాయి ఏదో అనబోయింది. నన్ను చూసి మానేసింది. అతన్ని లోపలికి పిలిచింది.

నేను వెనక్కి తిరిగాను. బెంచీల మీద అందరూ వంగి ఉన్నారు. ఒకాయన చొక్కా ఎత్తి పట్టుకున్నాడు. ఒకామె కొంగు చాటున చెయ్యి పెట్టి, పక్కన కూర్చున్న కూతుర్ని చూడమంటోంది. ఒక ముసలాయన బనీను గడ్డం కింద అదిమిపెట్టుకుని, సరిగా కనపడక, వేలితో గాలిలోనే తన గీత వెంట నడుస్తున్నాడు.